కర్నూల్లో పాత ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు, కొత్త ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేయాలా?

పాతబస్తీ మాస్టారు:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదివి మీకు తెలిసింది చెప్పండి. వచ్చే ఆదివారానికల్లా ఔనో కాదో చెప్పాలి, మూడు రోజులుగా నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

మాది కర్నూలు పాతబస్తీ, హంద్రీ వైపు. రెండున్నర సెంట్లలో మిద్దె. కింద హాలు, రెండు గదులు, వంటిల్లు, పైన ఒక గది. 2006లో కొన్నా. కిందంతా బేతంచెర్ల బండలే, ఎండాకాలం మధ్యాహ్నం వాటి మీద చాప కూడా వేసుకోకుండా పడుకుంటాం, అంత చల్లగా ఉంటాయి. ఇంటి మీద నాకు కోపం ఏమీ లేదు. కానీ మా అమ్మకు మోకాళ్లు పోయాయి, బాత్‌రూమ్ పెరట్లో మూడు మెట్లు దిగి ఉంది, పాపకు చదువుకోవడానికి పై గది తప్ప దిక్కు లేదు, అది మే నెలలో పొయ్యిలా ఉంటుంది.

నంద్యాల చెక్‌పోస్టు దాటాక ఒక ఇల్లు చూశాం. మూడు సెంట్లు, తూర్పు ముఖం, అన్నీ కిందే, బోరు బాగుంది. ఇంటాయన, ఆమె ఇద్దరే ఉంటారు, పెద్దవాళ్లు, బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు. 72 లక్షలకు మాట కుదిరింది. ఇప్పుడు 5 లక్షలు అడ్వాన్స్ ఇవ్వాలి, 60 రోజుల్లో రిజిస్ట్రేషన్ అయిపోవాలి, కాకపోతే అడ్వాన్స్ వదులుకోవాలి అని బ్రోకర్ అంటున్నాడు.

చిక్కంతా మా ఇల్లు అమ్మడం దగ్గరే. నాలుగు నెలలుగా 48 లక్షలు చెప్తున్నాం. పదకొండు మంది వచ్చి చూశారు. గుమ్మంలో చెప్పులు విప్పకముందే అడిగే ప్రశ్న, ఇక్కడ 2009లో నీళ్లు వచ్చాయా అని. వచ్చాయి. అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డప్పుడు మా హాల్లో కిటికీ దాకా నిలిచాయి. తర్వాత కరెంటు వైరింగ్ అంతా మార్చాం, గోడలకు కొత్తగా ప్లాస్టరింగ్ చేయించాం. కానీ వెనక గదిలో ఒక గోడకు ఆ నీటి చార ఇంకా ఉంది. మా నాయన దాని పక్కనే పెన్సిల్‌తో తేదీ రాశాడు. ఆయన పోయి పదేళ్లు దాటింది, ఆ ఒక్క జానెడు గోడకు మా అమ్మ ఇంతవరకు సున్నం వేయనివ్వలేదు. బ్రోకర్ ఏమో ముందు దాని మీద పెయింట్ కొట్టండి సార్, తర్వాతే మనుషుల్ని తెస్తా అంటున్నాడు.

నా లెక్కలు: నేను ప్రభుత్వ టీచర్ని, వయసు 47, చేతికి 82 వేలు వస్తాయి. పై గదికి తీసుకున్న లోన్ ఇంకా 4 లక్షలు ఉంది, నెలకు 9 వేలు కడుతున్నా, ఇంటి కాగితాలు బ్యాంకులోనే ఉన్నాయి. దాచుకున్నది 9 లక్షలు. ఆషాఢం దగ్గర పడింది, ఆ నెల ఇల్లు చూడడానికి ఎవరూ రారు. ముందు అడ్వాన్స్ ఇచ్చి ఇంటిని పట్టుకోమంటారా, మనది అమ్ముడుపోయేదాకా ఆగమంటారా? ఆగితే ఆ ఇల్లు పోతుంది, మా అమ్మ అక్కడ ఒక్క మెట్టు కూడా లేదు కదా నాయనా అని రెండుసార్లు అంది.

బి క్యాంప్ వాసి:

మాస్టారూ, నాలుగేళ్ల కింద నేను సరిగ్గా ఇదే చేశాను. ముందు కొన్నాను, తర్వాత అమ్ముకోవచ్చులే అనుకున్నాను. ఏమైందో చెప్తా, తర్వాత మీ ఇష్టం.

నాకు పాత ఇంటికి మనిషి దొరికాడనే ధైర్యం ఉండింది. తెలిసినవాడే. దసరా పోగానే తీసుకుంటా అన్నా, మీరు నిశ్చింతగా ఉండండి అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను కొత్తింటికి 6 లక్షలు ఇచ్చి మూడు నెలల గడువుకు అగ్రిమెంట్ రాసుకున్నా. ఆ మనిషి మోసం చేయలేదు, అది ముందే చెప్పాలి. అతను బ్యాంకు లోన్‌కు పోతే బ్యాంకు ఇంజనీరు వచ్చి, కింది అంతస్తుకే ప్లాన్ అప్రూవల్ ఉంది, పైదానికి లేదు, దానికి విలువ కట్టం అన్నాడు. దాంతో అతనికి రావాల్సిన లోన్ సగానికి పడిపోయింది, పాపం చేతులెత్తేశాడు. నా గడువు మాత్రం ఆగదు కదా.

ఇంట్లో బంగారం కుదువ పెట్టాను, చాలలేదు. బయట 10 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. నెలకు 20 వేలు వడ్డీకే. అప్పిచ్చినాయన ప్రతి ఐదో తారీఖు పొద్దున వచ్చేవాడు. గేటు బయట స్కూటర్ స్టాండ్ వేసి దాని మీదే కూర్చునేవాడు, పిలిచేవాడు కాదు, బెల్ కొట్టేవాడు కాదు, ఊరికే కూర్చునేవాడు. మా ఆవిడ కిటికీలోంచి చూసి లోపలికి వచ్చి నాకు చెప్పేది కూడా కాదు, మంచినీళ్ల చెంబు తీసుకుని బయటికి వెళ్లేది. ఏడు నెలలు అట్లా గడిచాయి. వడ్డీకే లక్షా నలభై వేలు పోయింది. చివరికి పాత ఇల్లు అనుకున్నదానికన్నా 4 లక్షలు తక్కువకు ఇచ్చేశా, ఎందుకంటే నాకు తొందర ఉందని అవతలివాళ్లకు తెలిసిపోయింది. అమ్మేవాడి ముఖంలో తొందర కనిపిస్తే బేరం అక్కడికే అయిపోతుంది మాస్టారూ.

కాబట్టి నా మాట ఇంతే. మీ ఇల్లు కొనేవాడి అడ్వాన్స్ మీ అకౌంట్లో పడి, కాగితం మీద సంతకం అయ్యేదాకా మీరు అవతల పెద్ద మొత్తం ఇవ్వద్దు. మాట లెక్కలోకి రాదు. ఈలోపు మీ కాగితాలు సరిచూసుకోండి. పై గదికి ప్లాన్ ఉందా? ఇంటి పన్ను మీ పేరు మీదే వస్తోందా? లింక్ డాక్యుమెంట్లు, అంటే ఇల్లు ఇంతకుముందు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజులు, మొత్తం ఉన్నాయా? ఈసీ, అంటే ఇంటి మీద రిజిస్టర్ అయిన అమ్మకాలు, తనఖాలు చూపే కాగితం, తీయించి పెట్టుకోండి. కొనేవాడు వచ్చాక వెతుక్కుంటే నెల అక్కడే పోతుంది.

రిటైర్డ్ బ్యాంకు మనిషి:

నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేశాను, అందులో చాలా కాలం లోన్ల సీట్లోనే. మాస్టారు గారూ, అమ్మ మోకాళ్ల సంగతి చదివి బాధ కలిగింది, కానీ ముందు లెక్క వేద్దాం.

ఇంటి ధర 72 లక్షలు. మన రాష్ట్రంలో స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒక శాతం, మొత్తం ఏడున్నర. 72 మీద అది 5 లక్షల 40 వేలు. అంటే మీకు కావాల్సింది 77 లక్షల 40 వేలు, బ్రోకర్ కమిషన్, సామాను మార్పిడి కాకుండా. చాలామంది ఈ రిజిస్ట్రేషన్ డబ్బు మర్చిపోతారు. దానికి బ్యాంకు లోన్ ఇవ్వదు, అది మన జేబులోంచే పోవాలి.

30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఇంటి లోన్ అయితే ఇంటి విలువలో 80 శాతం దాకా ఇవ్వచ్చని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అది చూసి 57 లక్షలు వస్తాయి అనుకోకండి. జీతం కూడా మోయాలి. మీకు 47, రిటైర్మెంట్ 62, అంటే 15 ఏళ్లు. ఎనిమిదిన్నర శాతం వడ్డీ అనుకుంటే 15 ఏళ్లకు లక్షకు నెలకు 985 రూపాయలు పడుతుంది. మీ జీతానికి, ఉన్న 9 వేల కంతు పోను ఇంకో 35 వేలు కట్టగలరని బ్యాంకు ఒప్పుకుంటే వచ్చేది 35 లక్షల చిల్లర. దానికి మీ 9 లక్షలు కలిపితే 44న్నర. ఇంకా 33 లక్షలు తక్కువ. ఆ 33 మీ పాత ఇంటి గోడల్లో ఉన్నాయి, అరవై రోజుల్లో బయటికి రావాలి.

బ్రిడ్జ్ లోన్ అని కొన్ని బ్యాంకులు ఇస్తాయి, పాత ఇల్లు అమ్మేదాకా తాత్కాలికంగా, సాధారణంగా రెండేళ్ల లోపు గడువుతో. మామూలు హోమ్ లోన్ కన్నా వడ్డీ ఎక్కువ. పది శాతం అనుకున్నా 33 లక్షలకు నెలకు 27,500 వడ్డీ. కొత్త కంతు 35 వేలు, పాతది 9 వేలు, ఇది 27,500, మొత్తం 71,500. మీ చేతికి వచ్చేది 82. మిగిలిన పదివేల అయిదు వందలతో నలుగురు ఎట్లా తింటారు, అమ్మ మందులు ఎట్లా? రెండు నెలలైతే పళ్లు బిగపట్టుకుని లాగచ్చు. ఎన్ని నెలలో తెలియకుండా మొదలుపెట్టడం తప్పు. అసలు ఆ జీతానికి అంత భారం చూసి బ్యాంకే ఒప్పుకోకపోవచ్చు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. పాత ఇల్లు 46కు అమ్ముడుపోయిందనుకోండి. 4 లక్షల అప్పు తీరిస్తే 42 చేతికి వస్తాయి. మీ 9 కలిపితే 51. అప్పుడు కొత్త ఇంటికి లోన్ 26 లక్షల 40 వేలు చాలు, కంతు 26 వేలు. హాయిగా కట్టుకుంటారు. అదే ఇల్లు, అదే మనిషి, కేవలం ఏది ముందు ఏది వెనక అన్నదే తేడా.

మీరు 48 దగ్గర గట్టిగా పట్టుకుని కూర్చోవద్దు. ఇందాకటి వడ్డీ లెక్కన రెండు లక్షలు అంటే ఏడు నెలల వడ్డీ. ఇప్పటికే నాలుగు నెలలు అయింది కదా.

కాగితాలు బ్యాంకులో ఉన్నాయని భయపడాల్సిన పని లేదు. బ్యాంకుకు వెళ్లి ఇంకా ఎంత కట్టాలో లెటర్ తీసుకోండి. కొనేవాడి అడ్వాన్స్‌లోంచి ఆ 4 లక్షలు నేరుగా లోన్ అకౌంట్‌కు కట్టించండి. ఫ్లోటింగ్ వడ్డీ, అంటే మారుతూ ఉండే వడ్డీ హోమ్ లోన్ అయితే ముందే తీర్చినందుకు అపరాధ రుసుము వేయకూడదు. బాకీ తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు ఇవ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యం అయితే రోజుకు 5,000 రూపాయలు ఇచ్చుకోవాలని 2023లో రిజర్వ్ బ్యాంకు ఆదేశం ఇచ్చింది. తనఖా రిజిస్టర్ అయి ఉంటే దాని రద్దు కూడా చేయించండి, లేకపోతే ఈసీలో ఆ తనఖా అట్లానే కనిపించి కొనేవాడు బెదురుతాడు.

పాతబస్తీ మాస్టారు:

సార్, ఈ లెక్క మా ఆవిడకు చదివి వినిపించాను. పదివేల అయిదు వందల దగ్గర ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. చాలా థాంక్స్.

బి క్యాంప్ అన్నా, పై గదికి ప్లాన్ ఉంది, లోన్ కోసం అప్పుడే తీసుకున్నాం. ఇంటి పన్ను కూడా నా పేరు మీదే. ఆ వరకు బాగానే ఉంది.

ఇంకో సంగతి చెప్పడం మర్చిపోయా. పోయిన నెల ఒకాయన 47కు ఒప్పుకున్నాడు, కానీ 15 లక్షలు క్యాష్ ఇస్తా, డాక్యుమెంట్‌లో 32కే రాద్దాం అన్నాడు. నేను ఊ అనలేదు, కాదనలేదు. మళ్లీ ఫోన్ చేస్తున్నాడు. కొత్త ఇల్లు మా ఆవిడ పేరు మీద పెడదామని కూడా అనుకుంటున్నాం. ఈ రెండింటి గురించి తెలిసినవాళ్లు చెప్పండి.

కడప ఆడిటర్ తమ్ముడు:

సార్, ఆ 15 లక్షల క్యాష్ ముట్టుకోకండి. స్థిరాస్తి అమ్మకం కింద 20 వేలు, ఆ పైన నగదు తీసుకోకూడదు. అడ్వాన్స్ అయినా అంతే, చివరి మొత్తం అయినా అంతే. తీసుకుంటే తీసుకున్నంత మొత్తం పెనాల్టీ వేసే అధికారం ఆదాయపు పన్ను శాఖకు ఉంది. అంటే 15 తీసుకుంటే 15 పెనాల్టీ. మీరు ప్రభుత్వ ఉద్యోగి కూడా. ఇంకా అసలు కష్టం ఏంటంటే, ఆ క్యాష్‌ను మీరు అవతల ఎట్లా కడతారు? మీ కొత్త ఇల్లు అమ్మే పెద్దాయన చెక్కు అడిగితే ఏం చేస్తారు? అంతా బ్యాంకు ద్వారానే తీసుకోండి.

పన్ను సంగతి. 2006లో కొన్న ఇల్లు ఇప్పుడు అమ్మితే లాభం వస్తుంది, అది దీర్ఘకాలిక లాభం. సొంతింటి మీద లాభంతో ఇంకో ఇల్లు కొంటే ఆ మేరకు పన్ను మినహాయింపు ఉంది, అందరూ సెక్షన్ 54 అంటారు. గడువు గుర్తుపెట్టుకోండి: అమ్మిన తర్వాత కొంటే రెండేళ్లు, కట్టుకుంటే మూడేళ్లు. కానీ ముందే కొన్నవాళ్లకు ఒక్క ఏడాదే. అంటే మీరు ఈ నెలలో కొత్తది రిజిస్టర్ చేయించుకుని పాతది ఏడాదిలోపు అమ్మలేకపోతే మినహాయింపు చేజారిపోతుంది. ముందు అమ్మితే ఈ టెన్షన్ ఉండదు. రిటర్న్ వేసే గడువుకు కొత్త ఇల్లు ఇంకా తీసుకోకపోతే, ఆ లాభం మొత్తాన్ని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్ తెరిచి అందులో పెట్టాలి, మామూలు సేవింగ్స్‌లో ఉంచితే చెల్లదు. కొత్త ఇల్లు మూడేళ్ల దాకా అమ్మకూడదు.

పేరు విషయం. పాత ఇల్లు మీ పేరు మీద ఉంది కాబట్టి కొత్త డాక్యుమెంట్‌లో మీ పేరు తప్పకుండా ఉండాలి. అక్క ఒక్కరి పేరు మీదే పెడితే మినహాయింపు దగ్గర వాదన వస్తుంది. ఇద్దరి పేర్లూ పెట్టాలనుకుంటే పెట్టండి, కానీ డబ్బు ఎవరి అకౌంట్ నుంచి ఎంత పోయిందో మీ ఆడిటర్‌కు ముందే చూపించండి.

ఇంకొకటి, మీరు కొనేది 50 లక్షలు దాటింది కాబట్టి డబ్బు ఇచ్చేటప్పుడు ఒక శాతం టీడీఎస్, అంటే అమ్మేవాళ్ల పేరు మీద కట్టే ఆదాయపు పన్ను, పట్టుకుని మీరే కట్టాలి, 72 వేలు. ఇది ధర మీద అదనం కాదు, ఆయనకు ఇచ్చేదాంట్లోంచే పట్టుకుంటారు. పెద్దాయనకు ముందే చెప్పండి, చివరి రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద చెప్తే తగువు అవుతుంది. నేను రెండుసార్లు చూశాను.

అనంతపురం అక్క:

అన్నా, నేను మీలాగా లెక్కలు చెప్పలేను గానీ, మేము రెండేళ్ల కింద ముందు అమ్మి తర్వాత కొన్నాం, ఎట్లా చేశామో చెప్తా.

మాది అనంతపురం రామ్‌నగర్‌లో ఇల్లు. ముందు అమ్మితే సామాను ఎక్కడ పెట్టాలి, అత్తమ్మను తీసుకుని బాడుగ ఇంటికి పోవాలా, మళ్లీ ఆరు నెలలకు ఇంకోసారి ఇల్లు మారాలా అని నాకు ఏడుపే వచ్చింది. మా మరిది ఒక మాట చెప్పాడు. కొనేవాళ్లనే అడగండి వదినా, రిజిస్ట్రేషన్ అయ్యాక నాలుగు నెలలు మనల్ని అక్కడే బాడుగకు ఉండనిస్తారేమో అని. అడిగాం. వాళ్లకు పిల్లల స్కూలు మారేది జూన్‌లో, అప్పటిదాకా వాళ్లకూ ఇల్లు అక్కరలేదు. ఒప్పుకున్నారు. ఊరికే నోటిమాటగా పెట్టుకోలేదు, అగ్రిమెంట్‌లోనే రాశాం, ఫలానా తేదీకి స్వాధీనం ఇస్తాం, అప్పటిదాకా నెలకు ఇంత బాడుగ, అంతవరకు రెండు లక్షలు వాళ్ల దగ్గరే ఆపుకుంటారు, తాళం ఇచ్చిన రోజు ఇస్తారు అని. ఆ రెండు లక్షలు ఆపుకోవడం వల్లే వాళ్లకు నమ్మకం వచ్చింది. మా ఇంట్లోనే మేము బాడుగకు ఉన్నాం, మొదటి నెల బాడుగ ఫోన్‌లో పంపేటప్పుడు చేయి ఒక్క క్షణం ఆగింది, నిజం చెప్తున్నా. కానీ చేతిలో డబ్బు ఉంది కాబట్టి నిదానంగా ఇల్లు వెతుక్కున్నాం. డబ్బు సిద్ధంగా ఉందని చెప్తే అమ్మేవాళ్లు బేరంలో మూడు లక్షలు దిగొచ్చారు.

ఆ నీటి చార గురించి ఒక మాట చెప్పనా అన్నా? పెయింట్ కొట్టద్దు. కర్నూల్లో ఉన్నవాళ్లకు ఆ వీధిలో నీళ్లు వచ్చాయో లేదో పక్కింటి అవ్వ చెప్పేస్తుంది. దాచిపెట్టారని తెలిస్తే ఇంకేం దాచారో అనుకుంటారు. చార చూపించి, వైరింగ్ ఇప్పుడు ఎంత ఎత్తులో పెట్టారో, స్విచ్‌బోర్డులు ఎక్కడ ఉన్నాయో చూపించండి. వరదను ఒకసారి తట్టుకుని నిలబడ్డ ఇల్లు అది.

ఆదోని అబ్బాయి:

అందరూ ఆగమంటున్నారు, నేను కొంచెం వేరేగా చెప్తా సార్, ఏమీ అనుకోకండి. పెద్దవాళ్లకు అన్నీ కిందే ఉన్న ఇల్లు, బోరు బాగున్న ఇల్లు, మీ బడ్జెట్‌లో మళ్లీ దొరకడం అంత తేలిక కాదు. మా నాయన కోసం నేను ఏడాదిన్నర వెతికా. ఆ ఇంటిని పూర్తిగా వదిలేయకండి.

మీరు ఇప్పటిదాకా మాట్లాడింది బ్రోకర్‌తో. 60 రోజులు, 5 లక్షలు అన్నది ఆ పెద్దాయన మాటా, బ్రోకర్ మాటా? ఆ ముసలాయన అంత తొందరగా ఎందుకు పోవాలి? నలభై ఏళ్ల సంసారం సర్దుకోవడానికి వాళ్లకూ టైం కావాలి కదా. మీరు, అక్క, మీ అమ్మగారు ముగ్గురూ ఒకసారి వాళ్లింటికి వెళ్లి కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పండి. మా ఇల్లు అమ్మి మీది కొనాలి, నాలుగైదు నెలలు పడుతుంది, అందుకు తగ్గట్టు రాసుకుందాం అనండి. అడ్వాన్స్ తగ్గించమనండి. గడువు దాటితే ఎంత వదులుకోవాలో స్పష్టంగా అంకె వేసి రాయించండి, మొత్తం పోతుంది అని మాత్రం రాయద్దు. గడువు పొడిగిస్తే అదే అగ్రిమెంట్ వెనక ఇద్దరూ సంతకాలు పెట్టి రాసుకోండి. కుదిరితే అగ్రిమెంట్‌ను రిజిస్టర్ చేయించండి, ఈలోపు ఎవరో ఎక్కువ ఇస్తానంటే అటు పోకుండా ఉంటుంది.

బి క్యాంప్ వాసి:

ఆదోని తమ్ముడు చెప్పింది సరైన మాట. నేను ఆ రోజు అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లి నా పరిస్థితి చెప్పి ఉంటే ఏమనేవారో ఇప్పటికీ తెలియదు. సిగ్గుపడి చెప్పలేదు. ఆ స్కూటర్ గుర్తొచ్చినప్పుడల్లా అదే అనుకుంటా.

పాతబస్తీ మాస్టారు:

అందరికీ నమస్కారం. తొమ్మిది రోజులు అయింది, ఏమైందో చెప్పాల్సిన బాధ్యత నాకు ఉంది.

శుక్రవారం సాయంత్రం ముగ్గురం వెళ్లాం, బ్రోకర్‌కు చెప్పలేదు. పెద్దాయన వరండాలో కూర్చుని పాత పేపర్లు కట్టలు కడుతున్నాడు. మా అమ్మ, ఆ ఇంటి పెద్దావిడ లోపలికి వెళ్లిపోయారు, అరగంట బయటికి రాలేదు. నేను కాగితం మీద లెక్క మొత్తం రాసి ఆయన ముందు పెట్టాను, ఎంత ఉంది, ఎంత లోన్ వస్తుంది, ఎంత తక్కువ పడుతుంది అన్నీ. టీడీఎస్ 72 వేలు కూడా చెప్పా. ఆయన కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివాడు. 60 రోజులు ఆయన మాట కాదు. కొడుకు దసరాకు వచ్చి సామాను తీసుకెళ్తాడట, అంతకు ముందు వాళ్లు ఎటూ పోరు. అయితే ఆ తర్వాత ఇల్లు ఖాళీగా ఉంచి అంతదూరం పోవడం ఇష్టం లేదు, కార్తీకం దాటితే మాత్రం నేను ఇంకొకరికి ఇస్తా నాయనా అన్నాడు. న్యాయమే. 2 లక్షలు చెక్కు ఇచ్చాను. కార్తీక మాసం చివరి దాకా గడువు, మేము దాటిస్తే అందులో 50 వేలు ఆయన ఉంచుకుని మిగతాది తిరిగి ఇస్తారు. సోమవారం కాగితం మీద సంతకాలు అయ్యాయి, రిజిస్టర్ చేయించడానికి ఆయన కూడా ఒప్పుకున్నాడు.

క్యాష్ ఇస్తానన్నాయనకు ఫోన్ చేసి కుదరదని చెప్పేశా. మా ఇంటి ధర 46 చేశాం. బ్యాంకులో బాకీ లెటర్‌కు దరఖాస్తు ఇచ్చా. కొత్తది ఇద్దరి పేర్ల మీద, నా పేరు ముందు.

చారకు పెయింట్ వేయలేదు. మొన్న ఒక అబ్బాయి వచ్చాడు, పాతబస్తీలోనే బట్టల షాపు ఉందట, ఇప్పుడు బాడుగకు ఉంటున్నారు. నీళ్లు వచ్చాయా అని అతను అడగకముందే నేనే వెనక గదికి తీసుకెళ్లి చూపించా. చెయ్యి పెట్టి చూశాడు, చార అతని భుజం దాకా ఉంది. మా ఇంట్లో దీనికన్నా ఒక మూర ఎక్కువ వచ్చాయి అన్నాడు. తర్వాత కింద బండల మీద చెప్పుల్లేకుండా రెండుసార్లు అటూ ఇటూ నడిచి, ఇవి అసలు బేతంచెర్లవేనా సార్ అని అడిగాడు. ఆషాఢం కాబట్టి ఇప్పుడు ఏమీ మాట్లాడనని, శ్రావణం మొదటి శుక్రవారం వాళ్ల నాయనను తీసుకొస్తానని చెప్పి వెళ్లాడు. అక్కా, మీరు చెప్పిన రెండు లక్షలు ఆపుకునే పద్ధతి అతనికి అప్పుడే చెప్పేశాను, కార్తీకం దాకా మేము ఇక్కడే ఉండాలి అని. తల ఊపాడు.